కల్లెడ బిడ్డ పరుగు

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల పెద్దలకు పర్వతగిరి మండలమందలి కల్లెడ క్రొత్త యూరు కాదు. అచ్చట 2003వ సంవత్సరమున జన్మించిన జీవంజి దీప్తిని గూర్చి నేడు ముచ్చటింతును.

ఆమెది కూలి కుటుంబము. జన్మతః బుద్ధివైకల్యము గలదు. ఊరివారు కొందఱు వెక్కిరించిరి. బిడ్డను అనాథాశ్రమమున విడువుడని చెప్పినవారును గలరట! తలిదండ్రులు వినలేదు. ఇట్టి మాటలు ఒకప్పుడు నేనును వేఱొకరి బిడ్డను గూర్చి యాడితిని, తలచిన సిగ్గగుచున్నది.

శిక్షకుడు నాగపురి రమేశ్ ఆమెకు పరుగున తరిఫీదొసగెను. ఆమె పందెము 400 మీటర్లు, టీ-20 వర్గము. ఇది క్రికెట్టు కాదు సుమా! బుద్ధివైకల్యము గలవారి తరగతికి ఆ పేరు. 2000లో సిడ్నీ పారాలింపిక్సున స్పెయిను బాస్కెట్‌బాల్ జట్టులో వైకల్యము లేనివారు పెక్కుమంది యాడి స్వర్ణము గొనిరి. మోసము బయల్పడగా ఆ వైకల్యము గలవారి పోటీలన్నియు తొలగింపబడెను. 2012లో లండనున గాని మరల చేర్పబడలేదు. దొంగలొకరు, దండన పొందినవారొకరు! ఆ తలుపు మూసియే యున్నచో దీప్తికి అచ్చట పందెమే లేదు.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడలందు ఆమె స్వర్ణము గెలిచెను. 2024 మే నెలలో జపానునందలి కోబేలో 55.07 సెకండ్లకు ముగించి అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఆ సెప్టెంబరున ప్యారిసులో 55.82 సెకండ్లకు కాంస్యము. స్వర్ణమునకు వెలితి సెకండులో మూడింట రెండు పాళ్లే.

కష్టకాలమున ఆ యింటివారు పొలమమ్ముకొనిరి. ఆసియా క్రీడల బహుమానపు సొమ్ముతో దానిని మరల కొనిరి.