చెరువు పైభాగమును కనిపెట్టుకొనుట

చెరువు ప్రసంగము వచ్చినప్పుడు రైతు చూపు సాధారణముగా కట్టవైపునకే పోవును. కట్ట గట్టిగా నున్నదా, తూము కారుచున్నదా, అలుగు పారినదా అని విచారించుట అందరికి అలవాటే. కాని కట్ట చెక్కు చెదరకుండ నిలిచియుండియు, నీరు చేరక బీడుపడిన చెరువులు మన గ్రామములలో ఎన్నో గలవు. అట్టి చెరువులకు గండి పడలేదు. నీరు తెచ్చు కాలువ పూడిపోయినది. శిఖము, అనగా చెరువు నిండినప్పుడు మునుగు భూమి, ఏటికొక గట్టు చొప్పున పొలములలో కలిసిపోయినది. కట్టకు గండి పడినచో ఊరంతయు పరుగెత్తును. ఈ పైభాగపు నష్టము నెమ్మదిగా జరుగును గనుక ఎవ్వరును పరుగెత్తరు.

మన పూర్వులు ఈ సంగతి బాగుగ నెరిగినవారు. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును 1369లో బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు కట్టించెను. రెండేండ్లపాటు దినమునకు వేయిమంది కూలీలు, రాళ్ళు తోలుటకు నూరు బండ్లు పనిచేసినట్లు అచటి శాసనము తెలుపుచున్నది. మంచి చెరువునకు వలసిన పండ్రెండు అంగములను, చెరువునకు కీడుచేయు ఆరు దోషములను గూడ ఆ శాసనమందే చెక్కించిరి. కట్టనుండి నీరు ఊరుట, నేల చవిటిదగుట, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట, చెరువు నడుమ మెరక యుండుట, నీరు కొంచెమై ఆయకట్టు హెచ్చగుట, నేల కొంచెమై నీరు హెచ్చగుట, ఇవి ఆ ఆరు దోషములు. వీనిలో కట్టకు సంబంధించినది ఒక్కటియే యని గమనింపుడు. నడుమ మెరక అను దోషమును ఈనాడు పూడిక తానే తెచ్చిపెట్టుచున్నది. పొలిమేర తగవులు రాజులు పోయినను రెండు గ్రామముల మధ్య అట్లే యున్నవి.

చెరువు ఆయకట్టుదారుల సొత్తు మాత్రమే యనుకొనుట మరియొక పొరపాటు. నిండిన చెరువు క్రింద బావులలో నీరు ఊరును. ఆయకట్టులో సెంటు భూమి లేనివాని బోరుకు గూడ ఆ నీరే ఆధారము. చేపలు పట్టువారికి అది జీవనము, గొడ్లకు వేసవి రేవు, కుమ్మరికి మట్టి, చాపలల్లువారికి తుంగ. తెలంగాణమున బతుకమ్మను సాగనంపునది చెరువులోనే. కట్టపై మైసమ్మకు మ్రొక్కని ఊరు అరుదు. ఇందరికి ప్రయోజనమున్నది గనుకనే ఇందరిమధ్య తగాదాయు నుండును. చేపలవారు నీరు నిలువ యుండవలెనందురు, వరివారు తూము తెరువుమందురు. శిఖములో పైరుపెట్టినవాడు తన చేను మునుగకుండ రాత్రివేళ అలుగును కొట్టివేయును. చివరి మడివాడు నీరు చాలదని అలుగుపై ఇసుక బస్తాలు పేర్చును. ఈ రెండవ పని మొదటిదానికన్న ప్రమాదకరమైనది. పెద్దవాన కురిసి నీరు మట్టికట్ట మీదుగా పొర్లినచో కొద్ది గంటలలో కట్ట కోసుకొనిపోవును. గొలుసుకట్టు చెరువులైనచో క్రింది చెరువు కట్టకును ముప్పే.

ఈ తగవులను ముదరనీయక చూచుటకే పూర్వము తెలంగాణమున నీరటి, రాయలసీమలో నీరుగంటి యుండెడివారు. తూము తెరచుట, మూయుట, మడులకు వంతుప్రకారము నీరు విడుచుట, కాలువ చూచుట వారి పని. కళ్ళములో ధాన్యపు వంతు వారి జీతము. ఆ వంతు ఆగినచోట పనియు ఆగెను. ఆ పని ఒక కులమునకు కట్టిపెట్టిన వెట్టిగా మరల రావలెనని మేము చెప్పుట లేదు. తగిన జీతమిచ్చి, అందరి మాటపై ఒక మనిషిని నియమించుకొనవలెనని చెప్పుచున్నాము. 1997లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన చట్టము నీటి వినియోగదారుల సంఘములకు అవకాశము కల్పించినది. 2015లో తెలంగాణ ప్రభుత్వము మిషన్ కాకతీయ పేర చెరువుల పూడికతీతకు పూనుకొన్నది. ఇవి మేలైన పనులే. అయినను తీసిన పూడిక మరల చేరకుండ చూచువాడు ఊరిలోనే యుండవలెను గాని కచేరిలో నుండిన లాభము లేదు.

చెరువును పంట కొరకేగాక మరొక ప్రాణి కొరకును కాపాడుకొను ఊళ్ళు మనకు గలవు. సూళ్ళూరుపేట దగ్గరి నేలపట్టు చెరువులో, నీట నిలిచిన చెట్లపై గూడబాతులు గుంపులుగా పిల్లలు చేయును. అవి పులికాట్ సరస్సులో చేపలు పట్టి తెచ్చి పిల్లలకు పెట్టును. వాని రెట్ట చెరువు నీటిలో కలిసి పొలములకు చేరును. ఆ నీరు పారిన చేలకు ఎరువు తక్కువ సరిపోవునని అచటి రైతుల యనుభవము. శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములో ఈ పక్షులు ఊరిలోని చింతచెట్లపైననే గూళ్ళు కట్టును, జనులు వానిని తరుమరు. ఇవి సైబీరియానుండి వచ్చునని చెప్పుకొందురు గాని గూడబాతు మన దేశపు పక్షియే. చెట్టు క్రింద నీరు లేని యేట నేలపట్టులో అవి నిలువవు. చెరువు పైభాగము బాగున్నదా లేదా యను సంగతి ఆ యూరివారికి ముందుగా తెలుపునవి ఇవియే.

ఇక చేయవలసిన పనులు. వేసవిలో చెరువు ఎండగానే, కాలువ మొదలునుండి చివరవరకు పదిమంది కలిసి నడువవలెను. ఎచట గట్టు కలిపినారో, ఎచట రోడ్డు క్రింది తూర పూడినదో కంటితో చూచినగాని తెలియదు. రెవెన్యూ పటమును వెంట తీసికొనిపోయి, పూర్తి నీటిమట్టము హద్దున రాళ్ళు పాతించవలెను. శిఖములో లొట్టపీసును, నీటిపై గుర్రపుడెక్కను కొంచెముగా నున్నప్పుడే ఏరివేయుడు. కట్టపై సర్కారు తుమ్మను పెరుగనీయరాదు. చెట్టు చచ్చిన తరువాత వేళ్ళు కుళ్ళి నీటికి దారి చేయును.

పూడికమట్టి ఎర్రచెలకలకు, ఇసుక నేలలకు మంచిది. నీటిని పట్టి యుంచును. నల్లరేగడిలో వేసిన ప్రయోజనము తక్కువ. ఒక ఎకరమున అంగుళము మందమున పరచుటకు సుమారు 100 ఘనపు మీటర్ల మట్టి కావలెను. ట్రాలీకి 3 ఘనపు మీటర్లు పట్టినచో ముప్పదికి పైబడి ట్రాలీలు. కనుక తోలుటకు ముందే నమూనా తీసి పరీక్షకు పంపుడు. చవుడున్న మట్టిని పొలమునకు తెచ్చినచో తీసివేయుట కష్టము. త్రవ్వునప్పుడు కట్ట మొదటికి దూరముగా, అంతట సమముగా త్రవ్వవలెను. పూడిక క్రిందనున్న బంకమట్టి పొరను తెగనీయరాదు. అది తెగినచో నీరు నిలువదు. లోతు గుంటలు విడిచినచో వానాకాలమున గొడ్లు, పిల్లలు అందు పడుదురు. తొలకరికి నెలరోజులు ముందుగా తోలకము ముగించినచో మట్టి ఎండి పొడియగును, దుక్కిలో సుళువుగా కలియును.