వీరుడి బొమ్మకు కాగితం ఎవరిస్తారు?

1947 జూలైలో మద్రాసు నుంచి 'చందమామ' తొలి సంచిక వెలువడింది. దానికి నెల ముందు అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఓరిన్ ఎవాన్స్ అనే నల్లజాతి పాత్రికేయుడు 'ఆల్ నీగ్రో కామిక్స్' ప్రచురించాడు. రాసినవారు, బొమ్మలు గీసినవారు అందరూ నల్లజాతివారే. లయన్ మ్యాన్ అనే నల్లజాతి వీరుడు అందులో కథానాయకుడు. రెండో సంచిక సిద్ధమైనా కాగితం అమ్మేవారు దొరకక ఆ పత్రిక ఒక్క సంచికతోనే ఆగిపోయింది. వీరుణ్ని ఊహించడానికి ప్రతిభ చాలు. అతణ్ని పిల్లల చేతికి చేర్చాలంటే కాగితం, అచ్చుయంత్రం, అంగడి కావాలి. సూపర్‌హీరో బొమ్మల కథల చరిత్రను కులం దృష్టితో చదవవలసింది ఇక్కడి నుంచే.

ఆ కథలు ఏనాడూ కేవల వినోదం కావు. 1938లో సూపర్‌మ్యాన్‌ను సృష్టించినవారు వలస వచ్చిన యూదు కుటుంబాల యువకులు. అమెరికా యుద్ధంలోకి దిగకముందే కెప్టెన్ అమెరికా తొలి సంచిక ముఖచిత్రంపై హిట్లర్‌కు దెబ్బ పడింది. పౌరహక్కుల ఉద్యమం ఉధృతంగా సాగుతున్న 1963లో, పుట్టుక కారణంగానే ద్వేషానికి గురయ్యే 'ఎక్స్‌మెన్' వచ్చారు. వివక్షకు ప్రతీకలైన ఆ తొలి బృందంలోని అయిదుగురు విద్యార్థులూ తెల్లవారే. బాధను అరువు తెచ్చుకున్న కథ, బాధితుడి ముఖాన్ని మాత్రం తెచ్చుకోలేదు. 1966లో బ్లాక్ పాంథర్, 1972లో ల్యూక్ కేజ్ వచ్చినా తొలి కథలు రాసింది శ్వేతజాతి రచయితలే. నల్లజాతి సృష్టికర్తల సొంత సంస్థ మైల్‌స్టోన్ తన కథలను తెచ్చింది 1993లో.

ల్యూక్ కేజ్ వచ్చిన 1972లోనే బొంబాయిలో దళిత పాంథర్స్ పుట్టింది. అమెరికా బ్లాక్ పాంథర్ పార్టీ నుంచి పేరును, స్ఫూర్తిని తీసుకుంది. ఆ ధిక్కారం కవిత్వమైంది గాని పిల్లల బొమ్మల కథ కాలేదు. 1967లో మొదలైన 'అమర్ చిత్ర కథ'లో అంబేడ్కర్‌కు చోటు దక్కింది 1979లో. 2011లో పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ 'భీమాయణ'కు బొమ్మలు గీశారు. అందులో భీమ్‌కు అతీతశక్తులు లేవు. దాహమేసిన పిల్లవాడికి నీళ్లు అందకపోవడమే కథ.

ఆ కథ తెలుగువారికి కొత్త కాదు. 1985లో కారంచేడు మారణకాండకు దారితీసిన గొడవ మంచినీటి చెరువు దగ్గరే మొదలైంది. చేతిలో బిందెతో ఎదిరించి నిలిచిన దళిత మహిళ వీరనారి కాదా? తెలుగు దళిత కవిత్వం, కథ ఆ నెత్తుటి నుంచే పదునెక్కాయి. మన బాలసాహిత్యం మాత్రం ఇంకా రాకుమారుడి గుర్రం దిగలేదు. 'చందమామ' కథల్లో కుమ్మరి, చాకలి, రైతు కనిపిస్తారు. వెలివాడ పిల్లవాడు కథానాయకుడు కావడం అరుదు.

నిజానికి బొమ్మలతో వీరగాథ చెప్పడం ఈ నేలకు పాత విద్యే. మదనపల్లె, పుంగనూరు ప్రాంతాల్లో బాణ, వైదుంబ, నొళంబ రాజుల కాలంనాటి వీరగల్లులు ఉన్నాయి. పశువుల మందల కోసం, ఊరి కోసం పోరాడి మరణించినవారి స్మారకాలవి. వారిలో చాలామంది రాజులు కారు. రాతికి ఎక్కిన సామాన్యుడు మన రంగుల పుటకు ఎందుకు ఎక్కలేదు?

పిల్లల కథల్లో కులమెందుకని అడిగేవారున్నారు. ఎవరి ముఖం గీయాలో, ఎవరిది వదిలేయాలో నిర్ణయించిన రోజే కులం అందులోకి వచ్చింది. ఇప్పుడు చేయవలసింది దాన్ని బయటపెట్టడం. తెలుగు, కన్నడ, తమిళాలు కలిసే కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది. మదనపల్లె, పుంగనూరు పిల్లలు చెప్పే ఇంటి కథలను సేకరించి, ఆ వాడల యువ చిత్రకారులతోనే గీయించే పని అక్కడ మొదలుకావచ్చు. ఎస్సీ ఉపప్రణాళిక నిధుల్లో కొంత అచ్చుకు కేటాయించి, ఆ పుస్తకాలను ప్రతి గురుకుల గ్రంథాలయానికీ చేర్చవచ్చు. ఎవాన్స్‌కు కాగితం దొరకలేదు. మనకు కాగితం కొరత లేదు. ఎవరి కోసం ఖర్చు చేయాలన్న నిర్ణయమే మిగిలింది.