కిల్‌స్విచ్ ఎంగేజ్

కిల్‌స్విచ్ ఎంగేజ్ అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఒక మెటల్‌కోర్ సంగీత బృందం. ఇది 1999లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్‌లో ఏర్పడింది. 2000 నుండి 2025 వరకు తొమ్మిది స్టూడియో ఆల్బంలను వెలువరించింది. చిన్న చిన్న వేదికలకు పరిమితమై ఉండిన మెటల్‌కోర్ శైలిని విస్తృత శ్రోతృలోకానికి చేర్చిన బృందాలలో ఇది ముఖ్యమైనదిగా పరిగణింపబడుతున్నది. ఈ బృందంలో ప్రధాన గాయకుడు రెండు పర్యాయాలు మారాడు. మొదటి గాయకుడు జెస్సీ లీచ్ 2002లో వైదొలగి, పదేళ్ళ తరువాత 2012లో తిరిగి వచ్చాడు. నడుమ ఉన్న కాలంలో హోవార్డ్ జోన్స్ ప్రధాన గాయకుడుగా ఉన్నాడు. బృందానికి ఎక్కువ ప్రాచుర్యం లభించినది కూడా ఈ నడిమి కాలంలోనే.

సంగీత శైలి

మెటల్‌కోర్ అనేది రెండు శైలుల కలయిక. హెవీ మెటల్ నుండి బరువైన గిటారు వాద్యాన్ని, హార్డ్‌కోర్ పంక్ నుండి ఆవేశాన్ని, వేగాన్ని గ్రహించింది. పాట మధ్యలో వేగం హఠాత్తుగా తగ్గి, డ్రమ్ములు, గిటార్లు కలిసి బరువుగా విరిచి విరిచి మోగే ఘట్టం ఈ శైలిలో ప్రత్యేకమైనది. దీనిని బ్రేక్‌డౌన్ అంటారు.

కిల్‌స్విచ్ ఎంగేజ్ పాటలలో గిటార్లను సాధారణ శ్రుతి కంటే తగ్గించి వాయిస్తారు. అన్నిటికంటే లావుపాటి తీగను రెండు పూర్తి స్వరాలు, మిగిలిన ఐదు తీగలను ఒక పూర్తి స్వరం చొప్పున దించుతారు. దీనికి డ్రాప్ సి అని పేరు. దీనివలన ధ్వనికి గాంభీర్యం వస్తుంది. దానిపై స్వీడన్ దేశపు మెటల్ బృందాలను తలపించే మధురమైన గిటారు వరుసలు నడుస్తాయి.

గానంలోనూ ఇటువంటి ద్వంద్వం ఉంది. చరణాలలో గాయకుడు గొంతు చించుకొని అరుస్తున్నట్లు పాడతాడు. పల్లవి వచ్చేసరికి శ్రావ్యంగా, స్వరయుక్తంగా పాడతాడు. ఒకే గాయకుడు ఒకే పాటలో ఈ రెండు రీతులనూ నిర్వహించవలసి ఉంటుంది. పర్యటనలలో దాదాపు ప్రతి రాత్రీ ఈ విధంగా పాడటం గొంతుకు కఠిన పరీక్ష. ఈ బృందంలో వచ్చిన మార్పులను అర్థం చేసుకొనడానికి ఈ విషయం గుర్తుంచుకొనదగినది.

ఆవిర్భావం

1990లలో మసాచుసెట్స్ ప్రాంతంలో ఓవర్‌కాస్ట్, ఆఫ్టర్‌షాక్ అనే రెండు బృందాలు ఉండేవి. ఓవర్‌కాస్ట్ 1998లో విడిపోయిన తరువాత అందులోని బేస్ గిటారు వాద్యకుడు మైక్ డి'ఆంటోనియో, ఆఫ్టర్‌షాక్‌కు చెందిన ఆడమ్ డట్‌కేవిచ్‌తో కలిసి సాధన ప్రారంభించాడు. డట్‌కేవిచ్ తన పాత బృందంలోని గిటారు వాద్యకుడు జోయల్ స్ట్రోట్జెల్‌ను, గాయకుడుగా జెస్సీ లీచ్‌ను చేర్చుకొన్నాడు. ఈ నలుగురితో కొత్త బృందం రూపుదిద్దుకొన్నది. 1999 నవంబరులో స్వీడన్ బృందం ఇన్ ఫ్లేమ్స్ కచేరీకి ముందు వీరు తమ మొదటి ప్రదర్శన ఇచ్చారు.

ది ఎక్స్-ఫైల్స్ అనే అమెరికన్ టెలివిజన్ ధారావాహికలో 1998లో ప్రసారమైన "కిల్ స్విచ్" అనే భాగం నుండి బృందానికి ఈ పేరు వచ్చింది. ఆ భాగపు రచయితలలో విజ్ఞాన కల్పనా రచయిత విలియం గిబ్సన్ ఒకరు. యంత్రాన్ని అత్యవసరంగా ఆపివేయడానికి ఉపయోగించే మీటను కిల్ స్విచ్ అంటారు.

మొదటి ఆల్బంలు (2000–2002)

బృందం పేరుతోనే మొదటి ఆల్బం 2000లో ఫెరెట్ మ్యూజిక్ ద్వారా విడుదలైంది. అమ్మకాల పట్టికలలో దానికి స్థానం దొరకలేదు గాని, రోడ్‌రన్నర్ రికార్డ్స్ అనే పెద్ద సంస్థ దృష్టి వీరిపై పడింది. ఆ సంస్థతో ఒప్పందం కుదిరిన తరువాత రెండవ ఆల్బం అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్ 2002 మే నెలలో వెలువడింది. దీనికి డట్‌కేవిచ్ స్వయంగా నిర్మాత. ఇంగ్లండుకు చెందిన ఆండీ స్నీప్ మిక్సింగ్ చేశాడు. ఈ శైలిలో తరువాత వచ్చిన అనేక బృందాలకు ఈ ఆల్బం మార్గదర్శకమైనది.

ఈ ఆల్బంలో డ్రమ్ములు వాయించినది డట్‌కేవిచే. గిటారు భాగాలు కూడా కొన్ని అతడే వాయించాడు. స్టూడియోలో ఒక్కొక్క వాద్యాన్ని విడివిడిగా ముద్రించి కలుపవచ్చు గాని, వేదికపై ఒకే వ్యక్తి రెండు వాద్యాలు వాయించలేడు. అందువలన అతడు డ్రమ్ములు వదలి గిటారు చేపట్టాడు. ఆఫ్టర్‌షాక్‌లో పనిచేసిన టామ్ గోమ్స్ డ్రమ్ముల స్థానంలోకి వచ్చాడు. బృందం అయిదుగురితో స్థిరపడింది.

లీచ్ నిష్క్రమణ

ఆల్బం విడుదలైన కొద్ది కాలానికే లీచ్ బృందాన్ని విడిచిపెట్టాడు. పర్యటనలలో అతని గొంతు దెబ్బతిన్నది. దానికి తోడు మానసిక కుంగుబాటుకు లోనయ్యాడు. అప్పటికి అతనికి కొత్తగా వివాహమైనది. తరువాతి పర్యటనకు కొద్ది రోజుల ముందు, తాను రాలేనని ఇ-మెయిల్ ద్వారా సహచరులకు తెలియజేశాడు. మూడేళ్ళు కలిసి పనిచేసిన స్నేహితుడు ముఖాముఖిగా చెప్పకుండా వెళ్ళడం వారిని నొప్పించింది. కొత్త ఆల్బం చేతిలో ఉండి, పర్యటన ముందుండి, పాడేవాడు లేని పరిస్థితి ఏర్పడింది.

హోవార్డ్ జోన్స్ కాలం (2002–2012)

ఈ సమయంలో బ్లడ్ హాజ్ బీన్ షెడ్ అనే బృందంలో పాడుతున్న హోవార్డ్ జోన్స్‌ను ఎంపిక చేశారు. (1980లలో ప్రసిద్ధుడైన ఇదే పేరుగల బ్రిటిష్ పాప్ గాయకుడు వేరు.) 2003లో టామ్ గోమ్స్ వైదొలగగా, జోన్స్ పాత బృందానికే చెందిన జస్టిన్ ఫోలీ డ్రమ్ములు చేపట్టాడు. అదే సంవత్సరం ఫ్రెడ్డీ వర్సెస్ జేసన్ చలనచిత్రపు సంగీత సంకలనంలో జోన్స్ పాడిన పాట ఒకటి చోటుచేసుకొన్నది.

జోన్స్ గొంతు లీచ్ గొంతు కంటే లోతైనది. పల్లవులలో అతని నిండైన గానం కొత్త శ్రోతలను ఆకర్షించింది. 2004 మేలో విడుదలైన ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్ మొదటి వారంలో 38,000 ప్రతులు అమ్ముడై, అమెరికాలోని బిల్‌బోర్డ్ 200 పట్టికలో 21వ స్థానంలో నిలిచింది. ఆల్బం పేరుగల పాట రెసిడెంట్ ఈవిల్: అపోకలిప్స్ చలనచిత్రానికి ఉపయోగపడింది, 2005లో గ్రామీ పురస్కారానికి ప్రతిపాదింపబడింది. ఈ ఆల్బంలో లీచ్ కూడా అతిథిగా గొంతు కలపడం విశేషం. విడిపోయిన తీరు బాధాకరమైనా స్నేహం తెగిపోలేదు.

2006 నవంబరులో వెలువడిన యాజ్ డేలైట్ డైస్ మొదటి వారంలో సుమారు 60,000 ప్రతులు అమ్ముడై 32వ స్థానం పొందింది. 2006 నుండి 2011 వరకు డబ్ల్యు.డబ్ల్యు.ఇ. కుస్తీ ప్రదర్శనలలో సి.ఎం. పంక్ అనే మల్లుడు గోదాలోకి ప్రవేశించేటప్పుడు వినిపించినది ఈ బృందం పాటే. మన దేశంలో ఆ ప్రదర్శనలను టెలివిజన్‌లో చూసినవారు బృందం పేరు తెలియకపోయినా ఆ పాట విని ఉంటారు.

2009లో వచ్చిన ఆల్బంకు మళ్ళీ బృందం పేరే పెట్టారు. మొదటిసారిగా బయటి నిర్మాత బ్రెండన్ ఓబ్రయన్ డట్‌కేవిచ్‌తో కలిసి పనిచేశాడు. ఈ ఆల్బం 7వ స్థానానికి చేరింది.

రెండవ మార్పు

2007లో డట్‌కేవిచ్‌కు వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగింది. కొంతకాలం వేదికపై అతని స్థానంలో ఇతరులు వాయించారు. కోలుకుంటున్న రోజులలో అతడు కొన్ని బాణీలు కట్టి, వాటిని పాడటానికి లీచ్‌ను ఆహ్వానించాడు. టైమ్స్ ఆఫ్ గ్రేస్ అనే పేరుతో ఇద్దరూ చేసిన ఆ ఆల్బం 2011 జనవరిలో విడుదలైంది. ఈ విధంగా లీచ్ తిరిగి రావడానికి అవసరమైన బాట, ఎవరూ ఉద్దేశించకుండానే, ముందుగా ఏర్పడింది.

2010లో జోన్స్ ఒక పర్యటనకు దూరమయ్యాడు. ఆల్ దట్ రిమెయిన్స్ గాయకుడు ఫిల్ లబాంట్, జెస్సీ లీచ్ ఆ లోటును పూరించారు. 2012 జనవరిలో జోన్స్ వైదొలగినట్లు ప్రకటన వెలువడింది. తనకు టైప్ 2 మధుమేహం ఉన్నదని, అది ప్రాణం మీదికి తెచ్చిందని, నిరంతర పర్యటనలు చేస్తూ ఆరోగ్యం కాపాడుకొనడం సాధ్యం కాలేదని అతడు తరువాత వెల్లడించాడు. కోలుకొన్న తరువాత డెవిల్ యు నో అనే బృందంతో మళ్ళీ పాడసాగాడు. ఆ బృందమే అనంతరం లైట్ ది టార్చ్‌గా పేరు మార్చుకొన్నది.

లీచ్ పునరాగమనం (2012 నుండి)

2012 ఫిబ్రవరిలో లీచ్ తిరిగి చేరినట్లు బృందం ప్రకటించింది. మధ్య కాలంలో అతడు సీమ్‌లెస్, ది ఎంపైర్ షల్ ఫాల్ మొదలైన బృందాలలో పాడాడు. ఇప్పుడు అతనికి పని రెట్టింపైనది. తన పాటలతో పాటు జోన్స్ పాడి ప్రసిద్ధి చేసిన పాటలను కూడా, ఆ పాటలనే ప్రేమించి వచ్చిన శ్రోతల ఎదుట, పాడవలసి వచ్చింది. 2012 చివరలో అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్ పదేళ్ళ సందర్భంగా ఆ ఆల్బంను పూర్తిగా వేదికలపై వినిపించారు.

2013లో వచ్చిన డిసార్మ్ ది డిసెంట్ మొదటి వారంలో సుమారు 48,000 ప్రతులు అమ్ముడై 7వ స్థానం పొందింది. 2006లో 60,000 ప్రతులకు 32వ స్థానం మాత్రమే లభించింది. ఆ ఏడేళ్ళలో ఆల్బంల అమ్మకాలు మొత్తం మీద పడిపోవడమే ఈ తేడాకు ముఖ్య కారణం. అందుచేత పట్టికలోని స్థానాలను మాత్రమే చూసి రెండు కాలాల ఆదరణను పోల్చరాదు. ఈ ఆల్బంలోని "ఇన్ డ్యూ టైమ్" 2014లో గ్రామీకి ప్రతిపాదింపబడింది. 2016లో వచ్చిన ఇన్‌కార్నేట్ 6వ స్థానానికి చేరింది.

2018లో లీచ్ స్వరతంత్రులకు శస్త్రచికిత్స జరిగింది. తరువాత మాట్లాడటం, పాడటం, అరవడం మళ్ళీ క్రమంగా అభ్యసించవలసి వచ్చింది. అలా కోలుకొని పూర్తి చేసిన ఆల్బం అటోన్‌మెంట్ (2019). ఇందులోని "ది సిగ్నల్ ఫైర్" పాటను లీచ్, జోన్స్ కలిసి పాడారు, దాని దృశ్యచిత్రంలో ఇద్దరూ కలిసి కనిపించారు. ఇదే ఆల్బంలోని "అన్‌లీష్డ్" 2020లో గ్రామీకి ప్రతిపాదింపబడింది. మూడుసార్లు ప్రతిపాదనకు వచ్చినా పురస్కారం మాత్రం ఒక్కసారీ దక్కలేదు. తొమ్మిదవ ఆల్బం దిస్ కాన్సిక్వెన్స్ 2025 ఫిబ్రవరిలో విడుదలైంది.

మార్పుల నడుమ స్థిరత్వం

శ్రోతలు సాధారణంగా బృందాన్ని గాయకుని గొంతుతోనే గుర్తిస్తారు. అందువలన గాయకుడు మారిన తరువాత అనేక బృందాలు నిలదొక్కుకొనలేవు. కిల్‌స్విచ్ ఎంగేజ్ రెండుసార్లు ఈ మార్పును తట్టుకొనడానికి కారణాలు కొన్ని కనిపిస్తాయి. డి'ఆంటోనియో, డట్‌కేవిచ్, స్ట్రోట్జెల్ మొదటి నుండి కలిసి ఉన్నారు. బాణీలు కట్టే పని ప్రధానంగా వీరిదే. బోస్టన్‌లోని బెర్క్‌లీ సంగీత కళాశాలలో చదివిన డట్‌కేవిచ్ ఆల్బంల నిర్మాణాన్ని చాలావరకు తానే చూసుకొన్నాడు. గ్రాఫిక్ కళాకారుడైన డి'ఆంటోనియో ఆల్బంల ముఖచిత్రాలు రూపొందించాడు. ఈ కారణంగా గొంతు మారినా ధ్వని, రూపం మారలేదు.

ఇద్దరు గాయకులూ తగవు వలన కాక అనారోగ్యం వలన వెళ్ళినవారు కావడం మరొక కారణం. 2002లో లీచ్‌కు తన బాధను చెప్పుకొనే మాట దొరకలేదు. తరువాతి కాలంలో అతడు తన కుంగుబాటును గురించి, జోన్స్ తన వ్యాధిని గురించి బహిరంగంగా మాట్లాడారు. ఈ విషయాలను దాచుకొనే సంగీత రంగంలో ఇది చెప్పుకొనదగిన మార్పు.

సభ్యులు

ప్రస్తుత సభ్యులు
- ఆడమ్ డట్‌కేవిచ్ – డ్రమ్ములు (1999–2002), గిటారు (2002 నుండి)
- మైక్ డి'ఆంటోనియో – బేస్ గిటారు (1999 నుండి)
- జోయల్ స్ట్రోట్జెల్ – గిటారు (1999 నుండి)
- జెస్సీ లీచ్ – గానం (1999–2002, 2012 నుండి)
- జస్టిన్ ఫోలీ – డ్రమ్ములు (2003 నుండి)

పూర్వ సభ్యులు
- పీట్ కోర్టీస్ – గిటారు (2000–2001)
- టామ్ గోమ్స్ – డ్రమ్ములు (2002–2003)
- హోవార్డ్ జోన్స్ – గానం (2002–2012)

స్టూడియో ఆల్బంలు

- కిల్‌స్విచ్ ఎంగేజ్ (2000)
- అలైవ్ ఆర్ జస్ట్ బ్రీతింగ్ (2002)
- ది ఎండ్ ఆఫ్ హార్ట్‌ఏక్ (2004)
- యాజ్ డేలైట్ డైస్ (2006)
- కిల్‌స్విచ్ ఎంగేజ్ (2009)
- డిసార్మ్ ది డిసెంట్ (2013)
- ఇన్‌కార్నేట్ (2016)
- అటోన్‌మెంట్ (2019)
- దిస్ కాన్సిక్వెన్స్ (2025)