నల్లాకు పీడనం, మురుగుకు వాలు: సైబరాబాదు భవనాలలో నీటి నడక

హైదరాబాదు: హైటెక్ సిటీ, మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల బహుళ అంతస్తుల భవనాల నుండి నీటి విషయమై సాధారణంగా వినవచ్చే ఫిర్యాదులు రెండు. పై అంతస్తుకు నీరు సరిగా రావడం లేదన్నది ఒకటి. స్నానాల గదిలో మురుగు వాసన వస్తున్నదన్నది మరొకటి. మొదటిది పీడనానికి, రెండవది గాలికి సంబంధించినది. ఈ తేడా తెలియనందున వాసనకు ఫినాయిలు, తక్కువ పీడనానికి అక్రమ మోటారు మందులుగా చలామణి అవుతున్నవి. ఫినాయిలు వలన నష్టం లేదు గాని, మోటారు ప్రాణాంతకం కాగలదు.

పీడనం అనగా ప్రధానంగా ఎత్తు. 10 మీటర్ల ఎత్తున నిలిచిన నీరు అడుగున ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు 1 కిలోగ్రాము ఒత్తిడి కలిగిస్తుంది. ట్యాంకు పెద్దదా, చిన్నదా అన్నదానితో దీనికి నిమిత్తం లేదు. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ నీరు పాత నగరానికి వాలు మీదనే చేరేది. కృష్ణా జలాల విషయం వేరు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అనగా సుమారు 180 మీటర్లు. హైదరాబాదు నగరం సుమారు 540 మీటర్ల ఎత్తున గల పీఠభూమిపై ఉన్నది. కావున 2004లో నగరానికి చేరిన కృష్ణా జలాలు గాని, 2015లో ఎల్లంపల్లి నుండి వచ్చిన గోదావరి జలాలు గాని పంపులతో ఎక్కించినవే.

ఇంత వ్యయంతో వచ్చిన పీడనం వీధి గొట్టం వరకే పరిమితం. కేంద్ర ప్రభుత్వ సంస్థ రూపొందించిన 1999 నాటి తాగునీటి సరఫరా మార్గదర్శిక మూడంతస్తుల భవనానికి సైతం కనెక్షన్ వద్ద 17 మీటర్ల పీడనం చాలునన్నది. 20 అంతస్తుల భవనం ఎత్తు సుమారు 60 మీటర్లు. అందువలన నీరు ముందుగా సంపులో పడుతుంది. అక్కడ దాని పీడనమంతా పోతుంది. మిద్దెపై ట్యాంకుకు ఎక్కించడం భవన యజమానుల బాధ్యత. ట్యాంకుకు సరిగ్గా క్రింద ఉన్న అంతస్తుకు రెండు మూడు మీటర్ల ఎత్తు మాత్రమే లభిస్తుంది గనుక అక్కడ ధార సన్నగా ఉంటుంది. అడుగు అంతస్తులో అదే నీరు 6 కిలోల ఒత్తిడితో కీళ్ళను వదులు చేస్తుంది. పీడనం తగ్గించే కవాటాలు మధ్యలో అమర్చడానికి కారణమిదే.

వీధి గొట్టానికి నేరుగా మోటారు బిగించినప్పుడు గొట్టంలో పీడనం తగ్గి, బయటి నీటిని లోనికి పీల్చే స్థితి ఏర్పడవచ్చును. సరఫరా రోజంతా లేని ప్రాంతాలలో ఈ ముప్పు మరింత అధికం. పగులు ఉన్నచోట ప్రక్కనే మురుగు కాలువ ఉంటే లోనికి వచ్చేది మురుగే. తాగునీటిలో మురుగు కలిసిన ఫలితం ఎట్లుంటుందో నగరం 2009 మే నెలలో భోలక్‌పూర్‌లో చూచినది. కలుషిత నీటి వలన అక్కడ పలువురు మరణించారు.

ఇక మురుగు గొట్టాలలో పీడనం ఉండరాదు. వాటికి కావలసినవి వాలు, గాలి. పై అంతస్తుల నుండి నీరు నిలువు గొట్టంలో పడునపుడు ముందున్న గాలిని నెట్టుతుంది, వెనుక ఉన్న గాలిని లాగుతుంది. ఆ గాలి రాకపోకలకే మిద్దెపైకి వెంటు గొట్టం పెడతారు. అది అందవిహీనంగా ఉన్నదని మూత బిగించే వారు లేకపోలేదు! అప్పుడు గాలి ఇంటిలోని ట్రాపుల నుండి లాగబడుతుంది. స్నానాల గది జాలీ క్రింద వంపులో సాధారణంగా నిలిచి ఉండే 50 మిల్లీమీటర్ల నీరే ఇంటికీ మురుగు వాయువులకూ మధ్యనున్న అడ్డు. ఆ నీరు పోతే తలుపు తెరచినట్లే.

2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అను 33 అంతస్తుల నివాస సముదాయంలో 300 మందికి పైగా సార్స్ వ్యాధి సోకినది. నేలను కడుగక తుడుచుటకే అలవాటు పడినందున అచ్చటి ట్రాపులు ఎండిపోయినవనీ, ఎగ్జాస్టు ఫ్యాను నడచినపుడు మురుగు గొట్టంలోని తుంపరలు గదులలోనికి వచ్చినవనీ దర్యాప్తులో అభిప్రాయపడ్డారు. యజమానులు విదేశాలలో ఉండగా నెలల తరబడి తాళం వేసి ఉంచే ఫ్లాట్లు ఐటీ కారిడార్‌లోనూ కలవు. వాసన వచ్చినపుడు మొదట చేయవలసినది జాలీలో ఒక బకెట్టు నీరు పోయడం. వాసన తగ్గక పోతే వెంటు గొట్టాన్ని పరిశీలించాలి.

గొట్టం పూడుకున్నపుడు మనిషిని దించే అలవాటు మాత్రం చట్టవిరుద్ధం. మ్యాన్‌హోల్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్ళిన గ్రుడ్ల వాసన కలది. అయితే సాంద్రత పెరిగిన కొలదీ ముక్కు ఆ వాసనను గ్రహించలేదు. వాసన లేదు గనుక దిగవచ్చునని అనుకొనుట మరణానికి దారి. జలమండలి 2017లో ఇరుకు వీధులకు సైతం వెళ్ళగల మినీ జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టినది. రక్షణ పరికరాలు లేకుండా మురుగు కాలువలలో, సెప్టిక్ ట్యాంకులలో ప్రమాదకరమైన శుభ్రతా పనికి మనిషిని నియోగించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించినది. మొదటి నేరానికి 2 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లేక 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండూ విధించవచ్చును. ఈ నిషేధం స్థానిక సంస్థలకే కాక, కూలీని పిలిపించే అపార్ట్‌మెంటు సంఘాలకు, ఇంటి యజమానులకు కూడా వర్తిస్తుంది.