ఇంటికి స్పీకర్ల నెన్నుకొనుట

ఇంట సంగీతము వినుటకై స్పీకర్ల జత కొనదలచిన తల్లిదండ్రులు కొందఱు మమ్ము సలహా యడుగుచుందురు. వారిలో నించుమించుగా నందఱి ప్రశ్నయు నొక్కటియే: "ఎన్ని వాట్లవి తీసికొమ్మందురు?" బియ్యము కొనునపుడు బస్తా యెన్ని కిలోలని యడుగుట న్యాయమే గాని, వీణ కొనునపుడు దాని తూకమెంత యని యడుగువారు లేరు. స్పీకరు వీణ జాతికి చేరినదే కాని బియ్యపు జాతికి చేరినది కాదు. అది నెలజీతములో గొప్ప భాగమును వ్యయపఱచి కొనెడి వస్తువు. ఒకసారి యింట జేరిన పిదప పదియేండ్లయినను కదలదు. సంగీతము నేర్చుకొను పిల్ల దాని నుండియే శ్రుతిని వినును. చెవి మందగించిన తాత దాని నుండియే వార్తలు వినును. కావున నీ విషయమును గుఱించి మాకు తెలిసినంత వ్రాయుచున్నాము.

మేము చెప్పబోవునది బుక్‌షెల్ఫ్ స్పీకర్లని పిలువబడు చిన్న పెట్టెలను గుఱించి. ఇవి యడుగెత్తున కటునిటుగా నుండి, ఒక చేత నెత్తదగినవై, జతగా నమ్మబడును. సామాన్యమైన యింటిలోని ముందుగదికి ఇవి చాలును. పుస్తకముల బీరువాలో పెట్టవలసినవని పేరు సూచించును గాని, ఆ పేరును నమ్మి బీరువాలో దూర్చినవారికి కలుగు నష్టమును ముందు చెప్పెదము.

పెట్టె ముందరి జాలిగుడ్డను తీసి చూచినచో రెండు గుండ్రని యంత్రములు కానవచ్చును. పెద్దది వూఫరు, చిన్నది ట్వీటరు. రెండును పనిచేయు విధము పదవ తరగతి భౌతికశాస్త్రములోనిదే. అయస్కాంతపు సందులో తీగచుట్ట యొకటి యుండును. దానిలో విద్యుత్తు అటునిటు ప్రవహింపగా ఆ చుట్ట ముందునకును వెనుకకును నూగును. చుట్టకు అంటించిన శంకువు గాలిని నెట్టును. 1925వ సంవత్సరమున అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను నిద్దఱు ఇంజనీర్లు ప్రకటించిన మార్గమే నేటికిని స్పీకర్లలో నధిక భాగమునకు ఆధారముగా నున్నది.

ఒక్కటి చాలక రెండేల? శబ్దము గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. 100 హెర్ట్జుల మంద్రధ్వనికి తరంగపు పొడవు 3.4 మీటర్లు, 10,000 హెర్ట్జుల సన్నధ్వనికి 3.4 సెంటీమీటర్లు మాత్రమే. మంద్రమునకు చాల గాలిని కదల్చవలెను గావున శంకువు పెద్దది కావలెను. ఆ పెద్ద శంకువే సన్నధ్వనిని పలికినచో, ఆ ధ్వని టార్చిదీపపు వెలుగువలె తిన్నగా నెదుటికే పోవును. ప్రక్కన కూర్చున్నవారికి అందదు. అందుచేత నంగుళము మాత్రము వెడల్పుగల ట్వీటరును వేఱుగా నమర్చిరి. ఏ ధ్వని యెవరికి పోవలెనో పంచి పెట్టుటకు పెట్టెలోపల క్రాసోవరను చిన్న విద్యున్మండల మొకటి యుండును. ఈ పంపకము సాధారణముగా 2,000, 3,000 హెర్ట్జుల ప్రాంతమున జరుగును. మనుష్యుని మాటలోని హల్లులు స్పష్టపడు చోటును సరిగా నదియే. ఆ యతుకు సరిగా లేని స్పీకరులో మాట రెండుగా చీలినట్లు వినవచ్చును.

ఇక పెట్టె యెందులకు? శంకువు ముందరి గాలిని నెట్టునపుడే వెనుకటి గాలిని లాగుచుండును. ఈ రెండును కలిసినచో మంద్రధ్వని తనలో తానే నశించును. వెనుకటి ధ్వనిని బంధించుటకే పెట్టె. 1954వ సంవత్సరమున ఎడ్గార్ విల్చర్ అను అమెరికనుడు, గట్టిగా మూసిన చిన్న పెట్టెలోని గాలినే శంకువునకు స్ప్రింగుగా వాడుకొను స్పీకరును అమ్మకమునకు తెచ్చెను. అంతకుముందు మంచి మంద్రము కావలెనన్న బీరువాయంత పెట్టె కావలసి యుండెను. నేటి పెట్టెలలో పెక్కింటికి వెనుకనో ముందో యొక గొట్టపు రంధ్రముండును. కూజా మూతిమీద నూదినపుడు పుట్టెడి ధ్వనివలె ఆ గొట్టములోని గాలి మంద్రమునకు తోడ్పడును. (బొద్దింకలకును ఆ రంధ్రము మిక్కిలి యిష్టమైన నివాసమని గృహిణులు జ్ఞాపకముంచుకొనవలెను.)

అయినను ప్రకృతినియమమును దాటుట యెవరికిని సాధ్యము గాదు. చిన్న పెట్టె, లోతైన మంద్రము, తక్కువ విద్యుత్తుతో బిగ్గరగా పలుకుట, ఈ మూడింటిలో రెండు దొరకును, మూడవదానిని వదలుకొనవలెను. "చిన్న పెట్టె, పెద్ద దద్దరిల్లు" అని ప్రకటించువారు తఱచు 100 హెర్ట్జుల దగ్గఱ ధ్వనిని కృత్రిమముగా నుబ్బించి, దానినే లోతని నమ్మింతురు. ఆ యుబ్బు మృదంగపు తొప్పిని డబ్బాగా మార్చును. పురుషుని కంఠమునకు జలుబు చేసినట్లు తోపించును.

ఈ సందర్భమున నొక ప్రసిద్ధమైన పెట్టెను చెప్పవలెను. 1970 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండులోని బి.బి.సి. సంస్థ, బయటి ప్రసారములకు పోవు మోటారు బండ్లలో ఇంజనీర్లు వినుటకై ఒక చిన్న స్పీకరును రూపొందించెను. దాని పేరు ఎల్.ఎస్. 3/5ఎ. ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, వెడల్పు 19. లోతైన మంద్రము దానికి లేదు; మిక్కిలి బిగ్గరగాను పలుకలేదు. ఆ లోపములు దానిని చేసినవారికి తెలియును. వారు కోరినది వేఱు: వార్తలు చదువువాని కంఠము బండిలో వినువానికి ఉన్నదున్నట్లు వినబడవలెను. పెక్కు సంవత్సరములు గడచినను నేటికిని దానిని వెదకి కొనువారు కలరు. ఏది వదలుకొనవలెనో, ఏది వదలరాదో నిర్ణయించుకొనుటలోనే దాని ఘనత యున్నదని మా యభిప్రాయము.

కావున స్పీకరును పరీక్షింపవలసినది మనుష్యుని కంఠముతోనే. ఏల యనగా, పిడుగు ధ్వని యెట్లుండవలెనో మనకు నిశ్చయముగా తెలియదు. సినిమాలోని విస్ఫోటనము నిజముగా నెట్లుండునో యసలే తెలియదు. కాని కంఠము విషయములో పసిబిడ్డ కూడ మోసపోదు. పురుషుని కంఠపు మూలధ్వని 100 హెర్ట్జులకు కొంచె మటునిటుగను, స్త్రీ కంఠపుది 200 ప్రాంతమునను ఉండును. ఇవి చిన్న పెట్టెకును అందుబాటులోనివే. కాని మాటకు ప్రాణము హల్లులలో నున్నది. శ, ష, స లకు గల భేదము, త థ లకు గల భేదము 2,000 హెర్ట్జులకు పైనుండు సన్నధ్వనులచే తెలియును. వయస్సు మీఱినకొలది చెవి మొదట కోల్పోవునది ఆ పై ధ్వనులనే. "వినబడుచున్నది గాని యేమనుచున్నాడో తెలియుట లేదు" అని పెద్దవారనుట కిదియే కారణము. అట్టివారికై శబ్దమును పెంచుచు పోవుటవలన నుబ్బిన మంద్రమే పెరిగి, హల్లులు మఱింత మునుగును. ఇంట వృద్ధులున్నవారు స్పీకరు కొనునపుడు తమతోపాటు వారిని కూడ అంగడికి తీసికొనిపోవుట మేలు. వారికి మాట తెలిసినదే ఆ యింటికి తగిన స్పీకరు.

మీకు కంఠస్థమైన పాటను తీసికొనుడు. ఘంటసాలవారి పద్యమైనను, ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి కీర్తనయైనను, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి పాటయైనను మంచిదే. కన్నులు మూసికొని వినుడు. రెండు స్పీకర్ల నడుమ, ఏమియు లేని చోట, గాయకుడు నిలిచి పాడుచున్నట్లుండవలెను. రెండు పెట్టెలు పాడుచున్నట్లుండరాదు. స కారము సూదివలె గ్రుచ్చుచున్నదా? తంబురా నాదము పాట వెనుక తెగకుండ సాగుచున్నదా, హెచ్చుతగ్గులలో మాయమగుచున్నదా? నాలుగు స్వరములలో పాడు గానబృందపు రికార్డు దొరికినచో నింకను మంచిది. నడిమి రెండు స్వరములను విడదీసి వినగలిగితిరేని ఆ స్పీకరు యోగ్యమైనది. వీనియన్నిటికంటె చక్కని పరీక్ష యొకటి కలదు. మీ తల్లిగారు మాటలాడుచుండగా ఆరుబయట చేతిఫోనులో పట్టి, ఆ ధ్వనిని స్పీకరులో విని, ప్రక్కనున్న ఆమె మాటతో పోల్చి చూడుడు.

కన్నులు మూసికొనుమన్నది వేడుకకు కాదు. కనడా దేశమున ఫ్లాయిడ్ టూల్ అను శాస్త్రజ్ఞుడు స్పీకర్లను తెరవెనుక నుంచి, వినువారిచే మార్కులు వేయించు పరీక్షల నేకము నడపెను. ధర యెఱుగక, పేరెఱుగక విన్నపుడు జనులు మెచ్చినవి, అన్ని ధ్వనులను సమముగా పలుకుచు, ప్రక్కలకును అట్లే పంపెడి స్పీకర్లు. 1994లో ఆయనయు షాన్ ఆలివ్ అను నాయనయు ప్రకటించిన పరిశోధనలో, అవే స్పీకర్లను తెర తీసి చూపగా అవే చెవులు వేఱు మార్కులు వేసినవి. పెట్టె మెఱుగు, పేరు, పరిమాణము చెవిని పాలించినవన్న మాట.

ఇక వాట్ల సంగతి. స్పీకరుపై వ్రాసిన వాట్ల సంఖ్య అది యెంత విద్యుత్తును భరింపగలదో తెలుపును. ఎంత చక్కగా పలుకునో తెలుపదు. ఒకప్పుడు మన బజారులలో చిన్న డబ్బాలపై పి.ఎం.పి.ఓ. అని వేలకొలది వాట్లు వ్రాసి యమ్మిరి. ఆ సంఖ్యలకు విలువ లేదు. చూడవలసినది సెన్సిటివిటీ యను సంఖ్య. 86 డెసిబెల్ అని యున్నచో, ఎనిమిది ఓముల స్పీకరునకు ఒక్క వాట్టు ఇచ్చినపుడు మీటరు దూరమున అంత బిగ్గరగా వినబడునని యర్థము. మామూలు సంభాషణ ఆ దూరమున సుమారు 60 డెసిబెల్ మాత్రమే. అనగా ఇంట మనము వినునపుడు తఱచు ఒక్క వాట్టు కూడ వ్యయము కాదు! వాట్లను రెట్టించిన పెరుగునది 3 డెసిబెల్ మాత్రమే. చెవికి రెండింతలు బిగ్గరగా తోచుటకు సుమారు పదిరెట్లు వాట్లు కావలెను. కావున 50 వాట్ల ఆంప్లిఫయరునకు బదులు 60 వాట్లది కొనుటకై యధిక ధనమిచ్చుట వ్యర్థము. ఆంప్లిఫయరు భరింపగల ఓముల సంఖ్యను మాత్రము తప్పక చూడవలెను. ఆంప్లిఫయరు లోపలనే యున్న స్పీకర్లును ఇప్పుడు దొరకుచున్నవి. తీగల చిక్కు వలదనువారికి అవి యనుకూలములు, కాని ఒకటి చెడిన రెండును మూలబడును.

కొన్న స్పీకరులో సగము మీ గదియే. మన యిండ్లు సిమెంటు గోడలు, నున్నని రాతినేలలు గలవి. గది నడుమ నిలిచి ఒకసారి చప్పట్లు కొట్టి చూడుడు. ధ్వని గల్లుమని సాగినచో ఎంత విలువగల స్పీకరైనను అక్కడ మాటను నలిపివేయును. మందు చౌకయైనదే: నేలపై నొక జంపఖానా, కిటికీకి మందపు తెర, గోడకు పుస్తకముల వరుస. మంద్రధ్వనిని మాత్ర మివి యాపలేవు. పెట్టె గోడకు చేరినకొలది మంద్రము పెరుగును. మూలకు చేరిన నింకను పెరుగును. బీరువా యరలో దూర్చిన బావిలోనుండి పిలిచినట్లుండును. వెనుక రంధ్రమున్న పెట్టెకు గోడ నుండి జానెడు రెండు జానల యెడమైన నుండవలెను. అరలో పెట్టుట తప్పనివారు రంధ్రము లేనిదియో, ముందు రంధ్రము గలదియో కొనవలెను. రెండు స్పీకర్లును వినువాడును త్రిభుజపు మూడు మూలలుగా నుండుట, ట్వీటరు చెవి యెత్తున నుండుట ముఖ్యము. చాపమీద కూర్చుండి వినువారింట స్పీకర్లును క్రిందికి దిగవలెను.

అంగడిలో నొక్క విషయమున మెలకువ కావలెను. రెండు జతలను పోల్చునపుడు, కొంచెము బిగ్గరగా నున్నదే చెవికి మేలైనదిగా తోచును. అమ్మువారిలో దీని నెఱిగినవారు కలరు. రెండింటిని సమముగా నుంచుమని మర్యాదగా నడుగుడు. బాస్, ట్రెబిల్ మీటలను నడిమికి త్రిప్పించుడు. మీ పాటనే వినిపింపుమనుడు. ఇంట వినునంత మెల్లగా కూడ విని చూడుడు. వీలైనచో, ఇంట నమరనిచో మార్చియిత్తుమని రసీదుమీద వ్రాయించుకొనుడు.

పాత స్పీకర్లు కొనువారు శంకువు చుట్టునుండు పట్టీని వ్రేలితో మెల్లగా తాకి చూడవలెను. రబ్బరుదైనచో చాలకాల ముండును. స్పాంజిదైనచో తేమకు, వేడిమికి పొడిపొడిగా రాలిపోవును. కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు టూళ్లలో మఱింత త్వరగా. పెట్టె చెక్కపొడిని అతికించి చేసినదైనచో తడికి ఉబ్బును; కావున వానజల్లు పడు కిటికీ క్రింద నుంచరాదు.

ఇంటికి తెచ్చి తీగలు బిగించునపుడు, ఆంప్లిఫయరులోని ఎఱ్ఱకొన స్పీకరులోని ఎఱ్ఱకొనకు, నల్లది నల్లదానికి చేర్చవలెను. ఒక ప్రక్క తాఱుమాఱైనచో ఒక శంకువు ముందునకు పోవునపుడు రెండవది వెనుకకు పోయి, మంద్రము సన్నగిల్లును, గాయకుడు నడుమ నిలువక గదియంతట చెదరును. తీగపై గుఱుతులు చెఱిగియున్నచో, తీగను ఆంప్లిఫయరు నుండి విడదీసి, దాని కొనలను 1.5 వోల్టుల టార్చి బ్యాటరీకి ఒక్క క్షణము తాకించి వూఫరును చూడుడు. శంకువు ముందునకు కదలినచో బ్యాటరీ ధనధ్రువమును తాకిన తీగయే ఎఱ్ఱకొనది. ఈ పని పిల్లలకు అప్పగింపవచ్చును. వారు సంతోషముగా చేయుదురు.