గర్భాశయము - దాని పని, దాని బాధలు

నూజివీడు మామిడికి పెట్టినది పేరు. 2022లో కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలోనికి మారిన ఈ పట్టణము చుట్టును, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతములందు బంగినపల్లి, చిన్నరసము, పెద్దరసము, కలెక్టరు కాయల తోటలు విస్తారముగా కలవు. ఒక్కొక్క పూగుత్తియందు వేలకొలది పూలు పూయును. వానిలో నూటికి ఒకటియైన పండుగా మిగులదు. పిందెలు రాలినంతమాత్రమున ఏ రైతును చెట్టును కొట్టివేయడు. ఏది సహజమో ఏది తెగులో ముందు తెలిసికొని, తెగులునకు తగిన మందు చల్లును.

గర్భాశయము విషయములో ఈ వివేకము అన్నివేళల కానరాదు. తెల్లబట్ట, అధిక రక్తస్రావము, నడుమునొప్పి అనగానే "సంచి తీయించుకొన్నచో పీడ వదలును" అను మాట పల్లెలలో తరచు వినబడును. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15-49 ఏండ్ల స్త్రీలలో గర్భాశయము తీయించుకొన్నవారు దేశము మొత్తముమీద నూటికి 3.2 మంది కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 మంది. దేశమునందు అట్టివారిలో సగముమందికి ఆ శస్త్రచికిత్స సుమారు 34 ఏండ్లలోపుననే జరిగినది. కనుక ఈ అవయవము ఎట్లుండునో, ఏమి చేయునో, దాని బాధలలో కోతకు తగినవి ఏవో తెలిసికొనుట అవసరము.

నిర్మాణము

గర్భాశయము పొత్తికడుపులో మూత్రాశయమునకు వెనుక, పురీషనాళమునకు ముందు ఉండును. చెట్టున వ్రేలాడు మామిడికాయ తొడిమవైపు వెడల్పుగాను, ముక్కువైపు సన్నముగాను ఉన్నట్లే దీని పైభాగము వెడల్పు, క్రిందిభాగము సన్నము. పొడవు సుమారు 7.5 సెంటీమీటర్లు, వెడల్పు 5, మందము 2.5. గోడ దట్టమైన కండరము. దాని లోపల మెత్తని పొర కలదు. సన్నని క్రిందిభాగమునకు గర్భాశయ కంఠమని పేరు. అది యోనిలోనికి తెరచుకొనును.

పైభాగమునుండి ఇరుప్రక్కలకు సుమారు 10 సెంటీమీటర్ల పొడవైన అండవాహికలు సాగును. 16వ శతాబ్దిలో ఇటలీ శరీరశాస్త్రజ్ఞుడు ఫాలోపియో వీనిని వర్ణించుటచే ఫాలోపియన్ నాళములనియు అందురు. వాని కొసలచెంత బాదంకాయంతటి అండాశయములు రెండు కలవు. గర్భాశయము వేరు, అండాశయము వేరు అను సంగతి ముఖ్యముగా గుర్తుంచుకొనదగినది.

నెలసరి

ఆడశిశువు పుట్టునప్పటికే అండాశయములందు పది లక్షలకు పైగా అండకణములుండును. రజస్వల అగునాటికి మూడు నాలుగు లక్షలు మిగులును. జీవితకాలములో పక్వమై వెలువడునవి సుమారు 400 మాత్రమే. అండాశయములు స్రవించు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్ అను హార్మోనుల ప్రభావముచే గర్భాశయపు లోపొర మందమై గర్భమునకు సిద్ధపడును. గర్భము నిలువనిచో హార్మోనులు తగ్గి, ఆ పొర విడిపోయి రక్తముతో కూడ వెలుపలికి వచ్చును. ఇదియే ఋతుస్రావము, ఇది "చెడురక్తము" కాదు.

ఋతుచక్రము సామాన్యముగా 28 దినములు. 24 మొదలు 38 దినములవరకు సహజమే. పోవు రక్తము 30-40 మిల్లీలీటర్లు. 80 దాటినచో అధికమని వైద్యుల లెక్క. రక్తమును ఎవరును కొలిచి చూడలేరు కనుక గంటగంటకు గుడ్డ మార్చవలసి వచ్చుట, పెద్ద గడ్డలు పడుట, ఎనిమిది దినములు మించుట గుర్తులుగా గ్రహింపవలెను.

బాధలు, చికిత్సలు

తెల్లబట్ట: పలుచగా, వాసన లేక, నెల నడుమ కొంచెము హెచ్చుగా కనబడు తెలుపు వ్యాధి కాదు. దుర్వాసన, దురద, పెరుగుతరకలవంటి స్రావము, పసుపు లేక ఆకుపచ్చ రంగు ఉన్నచో సూక్ష్మజీవులు చేరినవని అర్థము. దీనికి మాత్రలు చాలును. కొన్నిటికి భర్తకును చికిత్స అవసరమగును. తెల్లబట్ట క్యాన్సరుగా మారునను భయము నిరాధారము.

అధిక రక్తస్రావము: హార్మోనుల హెచ్చుతగ్గులు, థైరాయిడ్ లోపము, కండరమునందలి కణితులు దీనికి కారణములు కావచ్చును. ఫైబ్రాయిడ్లనబడు ఈ కణితులు దాదాపు అన్నియు క్యాన్సరు కానివే. ముట్లుడిగిన పిదప చాలవరకు కుంచించుకొనిపోవును. మందులతోను, గర్భాశయములో అమర్చు హార్మోను సాధనముతోను పెక్కుమందికి స్రావము తగ్గును. రక్తహీనతకు ఇనుము మాత్రలు ఇవ్వవలెను.

గర్భాశయము జారుట: కాన్పులలో సాగిన కటికండరములు, బంధములు దీనికి మూలము. కోతకాలమున కాయల బుట్టలు, పెట్టెలు మోయువారికి కడుపులో ఒత్తిడి పెరిగి బాధ హెచ్చవచ్చును. తొలిదశలో కటికండరములను బిగించి వదలు వ్యాయామము, పెస్సరీ అను వలయము సహాయపడును.

కంఠపు క్యాన్సరు: దీనికి ప్రధాన కారణము హెచ్.పి.వి. అను వైరస్. అది చేరిన పిదప క్యాన్సరు ముదురుటకు సాధారణముగా పదేండ్లకు పైన పట్టును. కనుక ముప్పది ఏండ్లు దాటిన స్త్రీలు పరీక్ష చేయించుకొన్నచో ముందుగనే పట్టుకొనవచ్చును. కంఠమునకు ఎసిటిక్ ఆమ్లపు ద్రావణము పూసి చూచు పరీక్ష కొద్ది నిమిషముల పని. తొలి మార్పులున్న చోటును మాత్రమే తొలగించిన చాలును. 9-14 ఏండ్ల బాలికలకు టీకా కలదు. ముట్లుడిగిన పిదప ఒక్క చుక్క రక్తము కనబడినను, సంభోగానంతరము రక్తము కనబడినను జాగు చేయక వైద్యుని చూడవలెను.

కోత ఎప్పుడు?

క్యాన్సరు, మందులకు లొంగని రక్తస్రావము, బాధపెట్టు పెద్ద కణితులు, పూర్తిగా జారిన గర్భాశయము, కాన్పులో ప్రాణముమీదికి వచ్చిన రక్తస్రావము - ఇట్టి సందర్భములలో గర్భాశయమును తొలగించుట ప్రాణరక్షకము, సుఖదాయకము. కాని అవసరము లేనిచోట నష్టము కలదు. అండాశయములను ఉంచినను అవి కొందరిలో ముందుగా ఉడిగిపోవును. వానినికూడ చిన్నవయస్సున తీసివేసినచో ఈస్ట్రోజెన్ ఒక్కమారుగా పోయి ఒంట ఆవిర్లు, నిద్రలేమి కలుగును, ఎముకలు గుల్లబారును, గుండెజబ్బుల భయము పెరుగును. ముప్పదియైదేండ్ల కూలి స్త్రీకి బ్రదుకుతెరువు శరీరశ్రమయే కనుక ఈ నష్టము కుటుంబమంతటికి తగులును.

కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఈ శస్త్రచికిత్సపై మార్గదర్శకములు వెలువరించి, జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిలలో పర్యవేక్షక సంఘములను నిర్దేశించినది. వానిని మూడు నెలలలో అమలుపరచవలెనని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రములను ఆదేశించినది. అయినను చీటీమీద వ్రేలిముద్ర వేయుటకు ముందు రోగియు, ఆమె ఇంటివారును అడుగవలసిన ప్రశ్నలు నాలుగు: జబ్బు పేరేమి? అది ఏ పరీక్షలో తేలినది? మందులతో నయము చేయ యత్నించితిరా? అండాశయములను ఉంచెదరా? సమాధానములు స్పష్టముగా లేనిచో మరియొక వైద్యుని సలహా పొందుట మంచిది. ప్రాణాపాయము లేని జబ్బులో నాలుగు దినములు ఆగినందువలన నష్టము లేదు. తీసిన గర్భాశయమును మాత్రము తిరిగి అమర్చుకొనలేము.