అడవి ఉచితం, వసతికి అద్దె

సియాటెల్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఎండాకాలం శని, ఆదివారాలు చాలావరకు కొండల్లోనే గడుస్తాయి. పులిహోర డబ్బాలో సర్దుకుని ట్రెయిల్ మొదలయ్యే చోటికి చేరేసరికి అక్కడో బోర్డు కనిపిస్తుంది: రోజుకు 5 డాలర్లు, ఏడాది పాస్‌కు 30. కొన్నిచోట్ల పక్కనే నేలలో పాతిన ఇనుప గొట్టం, దానికో సన్నని చీలిక. డబ్బు కవర్లో పెట్టి అందులో వేయాలి. అడిగే మనిషి ఉండడు. ఆ గొట్టానికి అక్కడివాళ్ళు ఐరన్ రేంజర్ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. ఇది ప్రభుత్వ అడవే కదా, పన్నులు కడుతూనే ఉన్నాం కదా, మళ్ళీ ఈ వసూలేమిటి? ఇదే ప్రశ్న అమెరికన్లూ వేసుకున్నారు. వేసుకుని ఊరుకోక కోర్టుకెక్కారు.

ముందు ఒక తేడా తెలియాలి. నేషనల్ పార్కులు వేరు, నేషనల్ ఫారెస్టులు వేరు. పార్కులు ఇంటీరియర్ శాఖవి. ప్రవేశ రుసుము పెట్టే అధికారం వాటికి ఉంది. ఫారెస్టులు వ్యవసాయ శాఖ కింద 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీస్ చేతిలో ఉన్నాయి. మొత్తం 154 అడవులు, దాదాపు 19.3 కోట్ల ఎకరాలు. కలప కొట్టడం, పశువులు మేపడం, వేట, నడక అన్నీ అక్కడ సాగుతాయి. ఇండియా నుంచి చూడవచ్చిన అమ్మానాన్నలను యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ లాంటి 11 పార్కుల్లో దేనికైనా తీసుకెళితే, 250 డాలర్ల ఏడాది పాస్ లేనప్పుడు, 2026 జనవరి నుంచి తలకు 100 డాలర్లు అదనం. ఆ నిబంధన పార్కులదే, అడవులది కాదు.

అడవుల్లో వసూళ్ళు ఊపందుకున్నది 1996 తర్వాత. ఆ ఏడాది కాంగ్రెస్ ప్రయోగాత్మకంగా ఒక పద్ధతి పెట్టింది: వసూలైన ఫీజులో కనీసం 80 శాతం ఆ శాఖే, వసూలు చేసినచోటే ఖర్చు పెట్టుకోవచ్చు. వినడానికి బాగుంది. మీరిచ్చిన డబ్బు మీరు కూర్చున్న బల్లకే ఖర్చవుతుంది. కానీ దీనికో రెండో మొహం ఉంది. డబ్బు తమ దగ్గరే మిగులుతుందని తెలిసినప్పుడు ఏ ఆఫీసుకైనా ఇంకో బోర్డు పాతాలనే అనిపిస్తుంది. 1997లో దక్షిణ కాలిఫోర్నియాలోని నాలుగు అడవుల్లో అడ్వెంచర్ పాస్ వచ్చింది. బండి ఆపితే చాలు, పాస్ ఉండాలన్నారు. జనం మండిపడ్డారు.

2004 డిసెంబరులో వచ్చిన చట్టమే ఇవాళ్టికీ ఆధారం. పదేళ్ళ గడువుతో పుట్టినా కాంగ్రెస్ దాన్ని పొడిగిస్తూనే వచ్చింది. అది విడిగా నిలబడి నెగ్గిన చట్టం కాదు, భారీ బడ్జెట్ బిల్లు తోకకు కట్టి గట్టెక్కించారు. పుట్టుక అలాంటిదైనా లోపల రాసిన మాటలు మాత్రం ప్రజల పక్షానే ఉన్నాయి. ఫారెస్ట్ సర్వీస్ ప్రవేశ రుసుము వసూలు చేయకూడదు. కేవలం బండి ఆపుకున్నందుకు, రోడ్డు పక్కనో కాలిబాట పక్కనో కూర్చుని తిన్నందుకు, వ్యూపాయింట్ దగ్గర నిలబడి చూసినందుకు అడగకూడదు. వసతులేవీ వాడుకోకుండా నడిచో, గుర్రమెక్కో, పడవలోనో సాగిపోయేవాళ్ళను అడగకూడదు. ఏ వసతీ లేనిచోట గుడారం వేసుకున్నా అంతే.

మరి దేనికి అడగవచ్చు? పగటిపూట గడిపే చోటైతే ఆరు వసతులుండాలి: ఏర్పాటు చేసిన పార్కింగ్, శాశ్వత మరుగుదొడ్డి, చెత్తడబ్బా, ఆ చోటు గురించి వివరించే బోర్డు, భోజనపు బల్లలు, భద్రత. ఐదున్నా చాలదు, ఆరూ ఉండాల్సిందే. ఈ రకం ఫీజు 16 ఏళ్ళ లోపు పిల్లలకు లేదు. రాత్రి బస చేసే క్యాంప్‌గ్రౌండ్‌కు జాబితా వేరు. గుడారానికి చోటు, తాగునీరు, బండి వెళ్ళే దారి, నెగడు వేసుకునే పొయ్యి లాంటి తొమ్మిదింటిలో సగానికి మించి ఉంటే సరిపోతుంది. తిరుమలలో సర్వదర్శనానికి టికెట్ లేదు, గదికి అద్దె ఉంది. అమెరికా అడవి చట్టం గీసిన గీత కూడా అక్కడే.

ఆ గీతను ఫారెస్ట్ సర్వీసే తనకు అనుకూలంగా సాగదీసింది. అరిజోనాలో టూసాన్ పక్కన మౌంట్ లెమ్మన్ ఉంది. ఒకచోట మరుగుదొడ్డి, ఇంకోచోట బల్ల ఉంటే, మొత్తాన్ని కలిపి ఒకే వినోద ప్రాంతంగా హద్దు గీసి, అందులో బండి ఆపినవాళ్ళందరికీ 5 డాలర్లు పెట్టింది. నలుగురు కోర్టుకు వెళ్ళారు. 2012లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన నిలిచింది: బండి ఆపి, ఏ వసతీ వాడకుండా నడిచి వెళ్ళేవాళ్ళను డబ్బు అడగడం చట్టవిరుద్ధం. రెండేళ్ళకు అడ్వెంచర్ పాస్ విషయంలోనూ కాలిఫోర్నియా జిల్లా కోర్టు అదే దారి పట్టింది. కొలరాడోలో అప్పట్లో మౌంట్ ఎవాన్స్ అని పిలిచిన కొండ కేసు మాత్రం 2011లో వీగిపోయింది. తీర్పు రాసినది తర్వాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన నీల్ గోర్సచ్. ఫీజు విధానాన్ని గుండుగుత్తగా కొట్టేయలేమని, ఫలానా సందర్భంలో అన్యాయం జరిగిందని చెప్పుకుంటే అది వేరే సంగతని ఆయన తలుపు కాస్త తెరిచే ఉంచారు.

శాఖ బాధ కూడా వినాలి. అడవిలో మరుగుదొడ్డి అంటే గొయ్యి మీద కట్టిన గది. నిండినప్పుడల్లా లారీ కొండెక్కి తోడుకుపోవాలి. చెత్త ఎత్తకపోతే ఎలుగుబంట్లు వస్తాయి. ఇవన్నీ చూసుకోవాల్సిన శాఖ బడ్జెట్‌లో కార్చిచ్చుల ఖర్చు 1995లో 16 శాతం; 2015కల్లా సగం దాటింది. మంటలు మింగగా మిగిలినదాంట్లో బల్లలకు, దారులకు ఏం వస్తుంది? అందుకే క్యాంపులో బస చేసినవాళ్ళు అద్దె కట్టడం న్యాయమేననిపిస్తుంది. ఆ నీళ్ళు, ఆ పొయ్యి వాడుకున్నది వాళ్ళే. ఏమీ వాడకుండా నడిచిపోయేవాడి దగ్గర పుచ్చుకోవడం మాత్రం న్యాయం కాదు.

నిజంగా కలవరపెట్టే సంగతి వేరే ఉంది. 1950 నాటి ఇంకో చట్టం కింద చాలా క్యాంప్‌గ్రౌండ్లను ప్రైవేటు కంపెనీలు నడుపుతున్నాయి. అక్కడ మీరు కట్టేది కంపెనీకి. ప్రభుత్వానికి వాటా వెళుతుంది. 2004 చట్టం పెట్టిన హద్దులు ఆ కంపెనీల ఫీజులకు వర్తించవని 2014లో వాషింగ్టన్ డీసీలో జిల్లా కోర్టు తేల్చింది. అంటే ప్రభుత్వం తాను అడగకూడని డబ్బును గుత్తేదారు చేత అడిగించగలదు. కాంగ్రెస్ మూయాల్సిన కంత ఇదే.

డబ్బు పెట్టకుండా అడవిలో రాత్రి గడపాలంటే వసతులు లేనిచోట గుడారం వేసుకోవచ్చు, సాధారణంగా 14 రోజులదాకా. నీళ్ళు మీరే మోసుకెళ్ళాలి, చెత్త మీరే తిరిగి తెచ్చుకోవాలి, నెగడు వేయవచ్చో లేదో రేంజర్ ఆఫీసులో ముందే కనుక్కోవాలి. ఇంట్లో గ్రీన్‌కార్డు ఉండి 62 ఏళ్ళు నిండిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ పేర జీవితకాల పాస్ తీసుకోండి. ధర 80 డాలర్లు. ఫారెస్ట్ సర్వీస్ క్యాంపుల్లో చాలాచోట్ల దాంతో అద్దె సగమవుతుంది. బుక్ చేసేటప్పుడే అడగండి.